చిక్కిన పశువు ఎంతవరకు తేరుకుంటుంది?

ఒకే ఈడు కోడెదూడలు రెండు ఉన్నాయనుకుందాం. ఒకదానికి ఏ లోటూ లేకుండా మేత దొరికింది. రెండోదానికి నాలుగు నెలల పాటు అరకొరగానే దొరికింది. ఆ తర్వాత రెండింటినీ ఒకే పచ్చిక మీదికి వదిలితే, పక్కటెముకలు తేలిన రెండోది మొదటిదానికంటే రోజుకు ఎక్కువ బరువు పెరగడం మొదలుపెడుతుంది. కొన్ని వారాల పాటు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పశుపోషణ శాస్త్రంలో దీన్ని కాంపెన్సేటరీ గ్రోత్ అంటారు. తెలుగులో లోటు పూడ్చుకునే పెరుగుదల అనుకోవచ్చు.

ఇది చూసినవారికి ఒక ఆశ కలగడం సహజం. కొన్నాళ్లు మేత తగ్గించి, తర్వాత కడుపు నిండా పెడితే పశువు ఎలాగూ అందుకుంటుంది కదా, మధ్యలో మిగిలిన మేత లాభమే కదా అనిపిస్తుంది. ఈ ఆశలో సగం నిజం. మిగతా సగం లెక్క వేస్తే నిలబడదు. నిలబడని సగాన్ని నమ్ముకుంటే పశువూ నష్టపోతుంది, పెంచేవారూ నష్టపోతారు. అందుకే మేత తిరిగి దొరికాక కాటా మీద కనిపించే ప్రతి అదనపు కిలో ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడాలి.

ఈ ప్రశ్నకు వందేళ్లు దాటాయి. అమెరికాలోని మిస్సోరీలో వాటర్స్ అనే పరిశోధకుడు 1908లో ఒక ఆశ్చర్యకరమైన విషయం రాశాడు. బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండేంత మేత మాత్రమే పెట్టినా, వయసులో ఉన్న కోడెల ఎత్తు పెరుగుతూనే ఉంది. కాటా ముల్లు కదలడం లేదు, కానీ ఎముకల గూడు పెరుగుతోంది. ఒంట్లో ఉన్న కొవ్వు కరిగి ఆ ఖర్చును భరిస్తోందన్నమాట. తర్వాత 1915, 1916 సంవత్సరాల్లో ఆస్బోర్న్, మెండెల్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, చాలాకాలం పెరుగుదల ఆగిపోయిన ఎలుకలు సరైన తిండి దొరకగానే మామూలు వేగాన్ని మించి పెరిగాయి. కాంపెన్సేటరీ గ్రోత్ అనే పేరు మాంసం పశువుల విషయంలో స్థిరపడింది 1955లో బోమన్ రాసిన పరిశోధన పత్రంతో. అప్పటినుంచి ఇప్పటివరకు వందల ప్రయోగాలు జరిగాయి. ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు. కొన్నిటిలో పశువులు పూర్తిగా అందుకున్నాయి, కొన్నిటిలో సగమే, కొన్నిటిలో అసలు అందుకోనేలేదు. ఈ తేడాలకు కారణాలు చాలావరకు తెలుసు. వాటిని పట్టించుకోకుండా ఒక్క ప్రయోగాన్ని చూసి సూత్రం రాసుకోవడమే అసలు చిక్కు.

ఆకలి రోజుల్లో ఒంట్లో జరిగేది

మేత తగ్గగానే శరీరం అన్ని భాగాలకూ సమానంగా కోత పెట్టదు. కేంబ్రిడ్జిలో పనిచేసిన జాన్ హామండ్ ప్రతిపాదించిన వరుస దీన్ని అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. రక్తంలో తిరిగే పోషకాల మీద మొదటి హక్కు మెదడుకూ నరాలకూ ఉంటుంది, తర్వాత ఎముకకు, ఆ తర్వాత కండకు. చివరి వాటా కొవ్వుది. పోషకాలు తగ్గేకొద్దీ కోత చివరి నుంచి పైకి వస్తుంది. కొద్దిపాటి కొరతలో కొవ్వు పేరుకోవడం ఆగుతుంది. కొరత పెరిగితే కండ పెరగడం ఆగుతుంది. ఇంకా పెరిగితే ఉన్న కొవ్వూ, ఉన్న కండా కరగడం మొదలవుతుంది. అప్పటికీ ఎముక మెల్లగా సాగుతూనే ఉంటుంది. కరువులో పెరిగిన దూడలు పొడుగ్గా, పలచగా, తల పెద్దదిగా కనిపించడానికి కారణం ఇదే.

అయితే ఈ వరుసలో చోటు లేని ఒక భాగం ఉంది, మొత్తం కథకు అదే కీలకం. కాలేయం, పొట్ట, పేగులు. ఇవన్నీ కలిపినా పశువు బరువులో పదో వంతుకు మించవు. కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 నుంచి 50 శాతం వీటికే పోతుంది. పేగుల లోపొర కణాలు నిరంతరం రాలిపోతూ కొత్తవి పుడుతుంటాయి, కాలేయం ప్రోటీన్లు తయారుచేస్తూ, విరగ్గొడుతూ, వ్యర్థ నత్రజనిని యూరియాగా మారుస్తూ ఒక్క క్షణం ఆగదు. ఎంత మేత లోపలికి వస్తే అంత పని. మేత తగ్గితే ఈ అవయవాలు కండకంటే చాలా వేగంగా కుంచించుకుపోతాయి. కొద్ది వారాల్లోనే కాలేయం బరువు స్పష్టంగా పడిపోతుంది. ఖర్చు ఎక్కువ పెట్టే భాగమే చిన్నదైపోయింది కాబట్టి పశువు బతకడానికి కావలసిన కనీస శక్తి, అంటే మెయింటెనెన్స్ ఖర్చు, తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? అమెరికాలో మాంసం పశువుల మేత లెక్కలకు వాడే ప్రమాణంలో ఒంటి పుష్టిని 1 నుంచి 9 వరకు అంకెలతో కొలుస్తారు. ఎముకల గూడులా ఉన్నది 1, కొవ్వు పట్టి గుండ్రంగా ఉన్నది 9. మధ్యలోని 5ను మామూలుగా తీసుకుని, అక్కడినుంచి ఒక్కో అంకె తగ్గితే మెయింటెనెన్స్ ఖర్చు 5 శాతం తగ్గినట్టు, పెరిగితే 5 శాతం పెరిగినట్టు లెక్క వేస్తారు. అంటే 3 దగ్గర ఉన్న పశువుకు 10 శాతం ఆదా. చూడ్డానికి ఇది చిన్న అంకె. కానీ పశువు తినేదాంట్లో పెద్ద భాగం మెయింటెనెన్స్‌కే పోతుంది కాబట్టి దీని ప్రభావం చిన్నది కాదు.

హార్మోన్లు కూడా ఈ పొదుపుకు తగ్గట్టే సర్దుకుంటాయి. ఇన్సులిన్ తగ్గుతుంది. థైరాయిడ్ హార్మోన్లు తగ్గి ఒళ్లంతా నిదానిస్తుంది. గ్రోత్ హార్మోన్ మాత్రం రక్తంలో తగ్గదు, పెరుగుతుంది. పెరుగుదల ఆగినప్పుడు గ్రోత్ హార్మోన్ పెరగడం ఏమిటని అనుమానం రావచ్చు. ఆ హార్మోన్ మాట కాలేయం వినడం మానేస్తుంది, దాన్ని అందుకునే రిసెప్టర్లు తగ్గిపోతాయి. అందువల్ల కండను, ఎముకను పెంచే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ తయారీ పడిపోతుంది. అడ్డూ అదుపూ లేని గ్రోత్ హార్మోన్ అప్పుడు కొవ్వును కరిగించే పనిలో పడుతుంది. ఇక కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ తగ్గడంతో ఆకలి పెరుగుతుంది. పశువు ఒళ్లు తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుంటూ, మేత దొరికిన రోజున ఎక్కువ తినడానికి సిద్ధమవుతూ ఉంటుంది.

మేత దొరికిన తొలి వారాలు

కరువు తీరా మేయడం మొదలైన మొదటి పది, పదిహేను రోజుల్లో కాటా చూపించే పెరుగుదలను చూసి మోసపోవడం చాలా సులువు. నెమరువేసే పశువు పొట్టలో ఉండే మేత, నీరు దాని మొత్తం బరువులో 10 నుంచి 20 శాతం దాకా ఉంటాయి. ఆకలి రోజుల్లో డొక్క లోపలికి పోయి ఉంటుంది. మేత దొరకగానే ఆ ఖాళీ నిండుతుంది. అది ఒంట్లో చేరిన కండ కాదు, కొవ్వు కాదు, ఇంకా అరగని గడ్డి. దాంతో పాటే కుంచించుకుపోయిన కాలేయం, పేగులు రెండు మూడు వారాల్లో తిరిగి పెరుగుతాయి. అదీ పశువుకు అవసరమే కానీ మాంసంగా లెక్కకు రాదు. అద్భుతమైన పెరుగుదల చూపించిన చాలా లెక్కల్లో కొంత భాగం ఈ నిండిన పొట్టే. మేత మార్చిన రోజున ఒకసారి, వారం తర్వాత మరోసారి తూచి, ఆ తేడాను రోజులతో భాగించి గొప్ప ఫలితం అని చెప్పేవారిని నమ్మకూడదు.

ఆ తొలి పొంగు తగ్గాక మిగిలేదే నిజమైన పెరుగుదల. దానికి మూడు మూలాలున్నాయి.

మొదటిది మిగులు. పశువు మెయింటెనెన్స్ ఖర్చు ఇంకా ఆకలి కాలపు స్థాయిలోనే ఉంది. లోపలికి వచ్చే మేత మాత్రం మామూలు స్థాయికి చేరింది. ఈ రెంటి మధ్య తేడా అంతా పెరుగుదలకు మిగులుతుంది. కానీ కాలేయం, పేగులు తిరిగి పెరిగేకొద్దీ ఖర్చు కూడా పైకి వస్తుంది, కాబట్టి ఈ సదుపాయం నాలుగైదు వారాలకు మించి పెద్దగా నిలవదు.

రెండోది, ఒంట్లో చేరే పదార్థం. తేరుకుంటున్న పశువు తొలిదశలో కొవ్వుకంటే కండను ఎక్కువ కడుతుంది. ఇక్కడ చిన్న లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. కండలో నాలుగింట మూడు వంతులు నీరే. ఒక కిలో కండలో దాగిన శక్తి సుమారు 1,200 నుంచి 1,300 కిలో కేలరీలు. కొవ్వు కణజాలంలో నీరు చాలా తక్కువ, అందుకే ఒక కిలోలో 8,000 కిలో కేలరీల దాకా ఉంటాయి. అంటే ఒక కిలో కొవ్వులో దాచిన శక్తి ఆరు కిలోల కండలో దాచిన శక్తికి సమానం. కండ కట్టేటప్పుడు వృథా అయ్యే శక్తి కొవ్వు కట్టేటప్పటికంటే ఎక్కువే కాబట్టి తేడా పూర్తిగా ఆరు రెట్లు ఉండదు. అయినా అదే మేతతో కాటా మీద ఎక్కువ కిలోలు కనిపించడానికి ఇదే పెద్ద కారణం. పశువు మేతను ఎక్కువ బాగా అరిగించుకుంటోందన్న మాట కంటే, నీరు ఎక్కువున్న పదార్థాన్ని కడుతోందన్న మాటే నిజానికి దగ్గర. ఇన్సులిన్ త్వరగా పెరగడం, గ్రోత్ హార్మోన్ ఇంకా ఎక్కువ స్థాయిలోనే ఉండటం, ఐజీఎఫ్-1 మెల్లగా తిరిగి రావడం, ఈ మూడూ కలిసే ఆ కొద్ది వారాలు కండకు మంచి రోజులు. తర్వాత గ్రోత్ హార్మోన్ దిగిపోతుంది, కొవ్వు పేరుకోవడం మొదలవుతుంది.

మూడోది ఆకలి. తొలి రోజుల్లో చిక్కిన పశువు ఎక్కువగా తినలేదు, పొట్ట అంత మేతకు అలవాటు పడి ఉండదు. మూడు నాలుగు వారాలు గడిచేసరికి తన బరువుతో పోల్చితే మామూలు పశువు కంటే ఎక్కువ మేస్తుంది. మొదటి రెండు మూలాల బలం తగ్గుతున్న సమయానికి ఈ మూడోది అందుకుంటుంది. చాలారోజుల పాటు సాగే లోటు పూడ్పులో పెద్ద వాటా ఈ ఎక్కువ తినడానిదే. ఎక్కువ తింటే ఎక్కువ పెరగడంలో వింతేమీ లేదు. అది ఆదా కిందికి రాదు, ఆలస్యంగా తిన్న మేత కిందికి వస్తుంది. ఈ తేడాను మరిచిపోయి చేసే లెక్కలే ఎక్కువ.

ఎంత తిరిగొచ్చింది, ఎలా కొలవాలి

విల్సన్, ఆస్బోర్న్ అనే ఇద్దరు 1960లో రాసిన సమీక్ష వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ పునాది. ఎలుకల ప్రయోగాలు చేసిన ఆస్బోర్న్ వేరు, ఈయన వేరు. ఆ సమీక్షతో వాడుకలోకి వచ్చిన కొలమానం చాలా సులువు. మేత తగ్గించిన కాలం ముగిసేసరికి రెండు గుంపుల మధ్య ఎన్ని కిలోల తేడా ఉందో చూడాలి. మళ్లీ మేత పెట్టిన కాలం ముగిసేసరికి ఎన్ని కిలోల తేడా మిగిలిందో చూడాలి. మొదటి తేడాలో ఎంత శాతం పూడిందన్నదే సూచిక. 60 కిలోల తేడా 30కి దిగితే 50 శాతం.

ఐర్లండ్‌లోని టీగాస్క్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హోల్‌స్టీన్ ఫ్రీజియన్ కోడెల మీద చేసి 2015లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ఒక గుంపును 125 రోజుల పాటు రోజుకు 0.6 కిలోలు మాత్రమే పెరిగేలా మేత తగ్గించి పెంచారు. రెండో గుంపుకు తిన్నంత పెట్టారు. తర్వాత 55 రోజులు రెండు గుంపులకూ తిన్నంత పెట్టారు. ఆ 55 రోజుల్లో తేరుకుంటున్న కోడెలు రోజుకు సుమారు 2.5 కిలోలు పెరిగితే, మొదటినుంచీ బాగా తిన్నవి 1.4 కిలోలు పెరిగాయి. దాదాపు 1.8 రెట్లు. అంత వేగం చూశాక పూర్తిగా అందుకున్నాయనే అనుకుంటాం. కానీ పూడింది 48 శాతమే, సగం కూడా కాదు. వేగం చూసి ముగింపు ఊహించకూడదని ఈ ఒక్క ఫలితం చెబుతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే వయసు దగ్గర పోల్చాలా, ఒకే బరువు దగ్గర పోల్చాలా? ఒకే వయసు దగ్గర పోల్చితే మేత తగ్గించిన పశువు చాలాసార్లు వెనకబడే ఉంటుంది. ఒకే బరువు దగ్గర పోల్చితే ఎక్కువ రోజులు బతికి ఆ బరువుకు చేరి ఉంటుంది. ఆ ఎక్కువ రోజుల మేత ఎవరో ఒకరు పెట్టాలి కదా.

దూడ వయసు, కొరత తీరు

ఏ వయసులో కొరత వచ్చిందన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. కండలో పోగుల సంఖ్య దూడ పుట్టేసరికే దాదాపు ఖరారైపోతుంది. పుట్టాక కండ పెరగడమంటే ఉన్న పోగులు లావెక్కడమే. చూడి ఆవుకు మధ్య నెలల్లో తీవ్రమైన కొరత వస్తే పోగులే తక్కువగా ఏర్పడతాయి. ఆ లోటును తర్వాత ఎంత మేత పెట్టినా పూడ్చలేం. పుట్టిన తొలి నెలల్లో, తల్లిపాలు చాలక గిడసబారిన దూడలది కూడా దాదాపు ఇదే పరిస్థితి. తర్వాత అవి మామూలు వేగంతో పెరగగలవేమో గానీ, ఆ మించిన వేగం చాలాసార్లు కనిపించదు, పెద్దయ్యాక కూడా చిన్న గూడుతోనే మిగిలిపోతాయి. మేత తగ్గించడం గురించి ఆలోచించేవారు పాలు తాగే దూడ జోలికి, చూడి ఆవు జోలికి అసలు పోకూడదు. ఇందులో రెండో మాటకు తావు లేదు.

పాలు మాని, గూడు బాగా ఎదిగి, కండ ఇంకా పెరుగుతున్న వయసు దూడలో తేరుకునే శక్తి బాగా ఉంటుంది. పూర్తిగా ఎదిగిన పశువులో మళ్లీ కథ మారుతుంది. దానికి పెరగాల్సిన కండ మిగలలేదు కాబట్టి తిరిగి వచ్చేదాంట్లో కొవ్వే ఎక్కువ.

కొరత ఎంత లోతుగా ఉందన్నది రెండోది. నిదానంగానైనా బరువు పెరుగుతూనే ఉన్న పశువు వేరు, బరువు పెరగని పశువు వేరు, బరువు కోల్పోతున్న పశువు వేరు. రోజుకు అర కిలో పెరుగుతున్న పశువు అప్పుగా మోసేది తక్కువ, తిరిగి తీర్చడం తేలిక. బరువు పోగొట్టుకున్న పశువు ముందు తన కండను, అవయవాలను పాత స్థాయికి తెచ్చుకోవాలి, తర్వాతే కొత్త పెరుగుదల. ఆ కోల్పోయిన కిలోలు కట్టడానికి ఒకసారి మేత ఖర్చయింది, ఇప్పుడు మళ్లీ ఖర్చవుతోంది. ఒకే గోడను రెండుసార్లు కట్టడమే ఇది. కొరత మూడు నాలుగు నెలలు దాటి సాగేకొద్దీ పూర్తిగా అందుకునే అవకాశం సన్నగిల్లుతుంది.

ఏది కొరవడిందన్నది కూడా ముఖ్యమే, దీన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. మంచి నాణ్యత గల మేతనే కొలత తగ్గించి పెడితే శక్తి, ప్రోటీన్ రెండూ కలిసి తగ్గుతాయి. ముదిరి ఎండిన గడ్డి మీద ఉన్న పశువు పరిస్థితి అలాంటిది కాదు. గడ్డిలో ముడి ప్రోటీన్ 7 శాతం కంటే దిగువకు పోతే పొట్టలోని సూక్ష్మజీవులకే నత్రజని చాలదు. అవి పీచును అరిగించలేవు, అరగని గడ్డి పొట్టలోనే ఉండిపోతుంది, పశువు ఇంక తినలేదు. ఎదురుగా గడ్డి గుట్టలా ఉన్నా పశువు ఆకలితో ఉంటుంది. అక్కడ కొద్దిగా యూరియా, కొద్దిగా ప్రోటీన్ దాణా పెడితే మొత్తం పరిస్థితి మారిపోతుంది. భాస్వరం లోటు ఉన్న నేలల మీద మేసే పశువుకు వానల తర్వాత పచ్చిక ఎంత దొరికినా, భాస్వరం అందకపోతే లోటు పూడ్చుకునే పెరుగుదల కుంటుపడుతుంది. ఎముకకు కావలసింది దొరకలేదు మరి.

జాతి, లింగం ప్రభావం కూడా ఉంటుంది. ఆలస్యంగా ఎదిగే పెద్ద జాతులకు కండ పెంచుకునే గడువు ఎక్కువ. త్వరగా కొవ్వు పట్టే జాతులకు, పెయ్యలకు ఆ గడువు చిన్నది.

మేత నిజంగా మిగిలిందా?

ఒక ఊహా ఉదాహరణతో లెక్క వేసి చూద్దాం. 1968లో కాలిఫోర్నియాలో లాఫ్‌గ్రీన్, గారెట్ రూపొందించిన నెట్ ఎనర్జీ పద్ధతి ప్రకారం, పశువు బరువును 0.75 ఘాతానికి తీసుకుని 77 కిలో కేలరీలతో గుణిస్తే రోజువారీ మెయింటెనెన్స్ శక్తి వస్తుంది. 300 కిలోల పశువుకు ఇది సుమారు 5.5 మెగా కేలరీలు (ఒక మెగా కేలరీ అంటే వెయ్యి కిలో కేలరీలు).

300 కిలోల కోడెలు రెండు. మొదటిది రోజుకు కిలో చొప్పున 210 రోజులు పెరిగి 510 కిలోలకు చేరింది. రెండోది 120 రోజులు అర కిలో చొప్పున పెరిగి 360 దగ్గర ఆగింది, అప్పటికి మొదటిది 420. తేడా 60 కిలోలు. తర్వాతి 90 రోజుల్లో రెండోది వేగంగా పెరిగి సగం లోటు పూడ్చుకుంది, 480కి చేరింది. మిగిలిన 30 కిలోలకు రోజుకు 1.2 కిలోల చొప్పున ఇంకో 25 రోజులు పట్టాయి.

ఇప్పుడు ఆదా చూద్దాం. కొరత కాలంలో రెండో కోడె చిన్నది, పైగా చిక్కి ఉండటం వల్ల 10 శాతం పొదుపు. రెండూ కలిపి రోజుకు దాదాపు ఒక మెగా కేలరీ, 120 రోజులకు 120. తేరుకునే 90 రోజుల్లో ఇంకా చిన్నదే కాబట్టి మరో 50. పాత పొదుపు నెలరోజులు కొనసాగిందనుకుంటే 20. మొత్తం 190 మెగా కేలరీల ఆదా. ఇక ఖర్చు. చివరి 25 రోజుల్లో ఆ పశువు బరువు సగటున 495 కిలోలు. రోజుకు 8 మెగా కేలరీల మెయింటెనెన్స్. 25 రోజులకు 200.

ఆదా 190, ఖర్చు 200. అంకెలు కొద్దిగా మార్చితే ఫలితం అటో ఇటో ఒరుగుతుంది. లోటు 50 శాతానికి బదులు 80 శాతం పూడితే ఆదా వైపు తూగుతుంది, 30 శాతమే పూడితే నష్టం వైపు. కానీ పెద్ద లాభం మాత్రం ఎక్కడా కనిపించదు. ఒక పశువు పుట్టినప్పటి నుంచి అమ్మేవరకు తిన్న మొత్తం మేతను, పెరిగిన మొత్తం బరువును చూస్తే మేత తగ్గించి పెంచడానికీ, ఒకే తీరుగా పెంచడానికీ మధ్య తేడా చాలా స్వల్పం. తేరుకునే కాలాన్ని మాత్రమే విడిగా తీసి చూసినప్పుడే అది అద్భుతంలా ఉంటుంది.

మరి లాభం ఎక్కడుంది? ఏ కాలంలో ఏ మేత దొరుకుతుందన్న దాంట్లో ఉంది. నిల్వ మేతా దాణా పెట్టి పోషించాల్సిన నెలల్లో తక్కువ పెట్టి, పచ్చిక తనంతట తాను పెరిగే నెలల్లో పశువుతో ఎక్కువ మేపించగలిగితే, ఖరీదైన కిలోల చోట చవకైన కిలోలు వస్తాయి. పశువు ఒళ్లు మేతను సృష్టించలేదు, మేత తినే సమయాన్ని మాత్రం మార్చగలిగింది. ఈ పద్ధతిలో ఉన్న అసలు బలం ఇదే, ఇంతే.

ఐర్లండ్‌లో చలికాలమంతా పశువుల్ని పాకల్లో కట్టి సైలేజ్ మీద, అంటే పులియబెట్టి నిల్వ చేసిన పచ్చిమేత మీద పోషిస్తారు. అక్కడ తర్వాతి వసంతంలో పచ్చిక మీదికి వెళ్లబోయే ఏడాది లోపు దూడలకు చలికాలంలో రోజుకు 0.5 నుంచి 0.6 కిలోల పెరుగుదల చాలని సలహా ఇస్తారు. దాణా గుప్పించి అంతకంటే వేగంగా పెంచితే, పచ్చిక మీద అవి నిదానిస్తాయి, చలికాలంలో పెట్టిన దాణా ఫలితంలో కొంత కరిగిపోతుంది. అలాగని 0.5 కంటే బాగా తగ్గిస్తే ఎండాకాలంలోనూ అందుకోలేవు. ఇక్కడ కొరత అంటే కొలిచి ఎంచుకున్న నిదానం.

ఉత్తర ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. ఎండు నెలల్లో పశువులు బరువు కోల్పోతాయి, వానలు పడ్డాక పుంజుకుంటాయి. ఎండు నెలల్లో యూరియా, మొలాసిస్ (చెరకు మడ్డి) వంటివి పెట్టి ఆ నష్టాన్ని ఆపినా, వానాకాలంలో అవి పెట్టని పశువులు వేగంగా పెరిగి ఆ తేడాలో కొంత పూడ్చేస్తాయి. అనుబంధ దాణా లాభం ఎండు కాలం చివర కాకుండా వానాకాలం చివర తూచి చూడాలని అక్కడి అనుభవం నేర్పింది. బ్రెజిల్‌లో ఇలా ఏటా చిక్కి, ఏటా ఒళ్లు చేసుకునే పశువుకు ఒక పేరే ఉంది, బోయ్ సన్ఫోనా. సన్ఫోనా అంటే సాగుతూ ముడుచుకుంటూ పలికే అకార్డియన్ వాయిద్యం. అలాంటి పశువు అమ్మకపు బరువుకు చేరేసరికి నాలుగేళ్లు కావచ్చు. ఆ పేరులో కాంపెన్సేటరీ గ్రోత్ మీద ఉన్న నమ్మకం ఏమీ లేదు, పోగొట్టుకున్న కాలం మీద బాధ ఉంది. పశువు తేరుకోవడం నిజమే, ప్రతి ఏడూ తేరుకుంటూనే ఉంది. కానీ తేరుకోవడంతోనే దాని ఆయుష్షు గడిచిపోతోంది.

మాంసం నాణ్యత విషయంలో చెప్పడానికి ఎక్కువేమీ లేదు. వేగంగా తేరుకుంటున్నప్పుడు కండలో ప్రోటీన్ కట్టడం, విరగడం రెండూ చురుగ్గా జరుగుతాయి కాబట్టి మాంసం మెత్తబడుతుందని ఒక వాదన ఉంది. కొన్ని ప్రయోగాల్లో అలా జరిగింది, కొన్నిటిలో తేడా కనిపించలేదు. స్పష్టంగా తెలిసింది మరొకటి. తేరుకోవడం మొదలైన కొద్ది వారాలకే అమ్మితే కొవ్వు తక్కువగా ఉంటుంది, పొట్టా పేగులూ నిండి ఉండటం వల్ల బతికున్న బరువులో మాంసం వాటా కూడా తక్కువ పడుతుంది.

మళ్లీ మేత పెట్టే రోజు

కొరత కాలంలో బతికిన పశువును మేత దొరికిన తొలి రోజుల్లో పోగొట్టుకోవడం కంటే బాధాకరమైనది ఉండదు. అది జరుగుతూనే ఉంటుంది, ఆపగలిగినదీ అదే.

ఆకలి రోజుల్లో పెద్ద పొట్ట లోపొరలోని వేళ్లలాంటి చిన్న మొనలు కుదించుకుపోతాయి. పులిసిన మేత నుంచి వచ్చే ఆమ్లాలను పీల్చుకునేవి అవే. పీచు అరిగించడానికి అలవాటు పడిన సూక్ష్మజీవులే పొట్టలో ఎక్కువగా ఉంటాయి. ఆ స్థితిలో ఒక్కసారిగా ధాన్యం, పిండి దాణా గుప్పిస్తే, పిండిని వేగంగా పులియబెట్టే సూక్ష్మజీవులు విజృంభించి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. దాన్ని వాడుకునే సూక్ష్మజీవులు ఇంకా పెరగలేదు, పీల్చుకునే మొనలు ఇంకా లేవు. పొట్టలో పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5.6 కంటే కిందికి జారితే పశువు మేత తగ్గిస్తుంది, విరేచనాలు మొదలవుతాయి. 5 దరిదాపులకు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆశగా తింటోంది కదా అని పెట్టేవారికి ఆ ఆశే శత్రువు. దాణాను అంచెలంచెలుగా పెంచుతూ మూడు వారాలు తీసుకోవాలి, ప్రతి అంచెలోనూ పీచు మేత తగినంత ఉండాలి. ఆకలితో ఉన్న పశువు ముందు దాణా కంటే ముందు ఎండుగడ్డి పడాలి. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పేగుల విషం కూడా ఇలా మేత ఒక్కసారిగా పెరిగినప్పుడే కాటేస్తుంది. దానికి టీకా ఉంది, మేత మార్చకముందే వేయించాలి.

పచ్చిక మీదికి వదిలేటప్పుడు మరో ప్రమాదం ఉంది. ఎండిన బీడు మీద నుంచి లేత పచ్చిక మీదికి ఒక్కసారిగా తోలిన పెద్ద పశువులు నాలుగు నుంచి పది రోజుల్లో హఠాత్తుగా ఊపిరాడక అవస్థ పడతాయి. మెడ చాచి, నోరు తెరిచి, మూలుగుతూ గాలి పీలుస్తాయి. ఆంగ్లంలో దీనికి ఫాగ్ ఫీవర్ అని పేరు ఉన్నా ఇది జ్వరం కాదు, అంటువ్యాధీ కాదు. లేత పచ్చికలో ఎక్కువగా ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని పొట్టలోని సూక్ష్మజీవులు 3-మిథైల్ ఇండోల్‌గా మారుస్తాయి. అది రక్తంలో చేరి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. లేత దూడలకు ఇది అరుదు, రెండేళ్లు దాటిన పశువులకే ఎక్కువ. జబ్బుపడిన పశువును అదిలించి తోలితే ఆ శ్రమకే పడిపోవచ్చు, అందుకే వాటిని నిదానంగా కదపాలి లేదా ఉన్నచోటే ఉంచాలి. ముందే జాగ్రత్త పడాలంటే తొలి వారం రోజుకు కొద్ది గంటలే లేత పచ్చిక మీద వదలాలి. వదిలే ముందు ఎండుగడ్డితో కడుపు సగం నింపాలి. రెండు వారాల పాటు ఆ గంటల్ని మెల్లగా పెంచుకుంటూ పోతే పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు సర్దుకుంటాయి.